ఉప్పునీళ్ళ ట్యాంకుకు వేస్ట్ లైన్: బకెట్లు మోయడం ఆపాలి, నా ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

క్లౌన్_కూకట్‌పల్లి
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, సొంత ఫ్లాట్. హాల్లో ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టి ఏడాదిన్నర అయింది. 120 x 45 x 50 సెంటీమీటర్లు, కింద క్యాబినెట్‌లో 90 x 40 x 40 గాజు సంప్, అంటే పై ట్యాంకు నీళ్ళు దిగి శుభ్రమై మళ్ళీ పైకి వెళ్ళే తొట్టి. ఒక జత క్లౌన్ చేపలు, రెండు డామ్సెల్స్, ఒక గోబీ, నాలుగు రొయ్యలు. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

ప్రతి ఆదివారం దాదాపు 40 లీటర్లు మారుస్తాను. సైఫన్ ట్యూబుతో బకెట్లలోకి తీసి, హాలు, కిచెన్ దాటి యుటిలిటీలో పారబోయాలి. పోయినవారం రెండో బకెట్ కిచెన్ గడప దగ్గర తొణికింది. తుడిచాను, ఆరిందనుకున్నాను. ఉప్పు నేలమీదే ఉండిపోయి మళ్ళీ చెమ్మ పట్టినట్టుంది, సాయంత్రం అమ్మ అక్కడే జారి పడింది. ఎముక విరగలేదు కానీ మణికట్టు ఇంకా వాచే ఉంది. ఇక బకెట్లు వద్దని అప్పుడే అనుకున్నాను.

నా ఆలోచన ఇది. ట్యాంకు అడుగున రంధ్రం కొట్టించి, ఇంచు పైపు వేసి, వాల్వ్ పెట్టి, 14 అడుగులు నడిపించి, యుటిలిటీలో వాషింగ్ మెషీన్ నీళ్ళు పోయే పైపుకు టీ వేసి అతికించేయడం. స్కిమ్మర్ (నీళ్ళలోని మురికిని నురగగా లాగే పరికరం) కప్పులో చేరే నీళ్ళు, ఆర్వో వేస్ట్ కూడా అదే లైన్లో కలిపేస్తే పనైపోతుంది కదా? ప్లంబర్‌ను పిలవకుండా నేనే చేయాలని ఉంది. ఎక్కడ తప్పు ఉందో చెప్పండి.

గుంటూరు_పైప్‌లైన్
ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు అమ్మగారి చెయ్యి చూపించు. వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించు.

ఇక పైపు సంగతి. నేను ఇరవై ఏళ్ళుగా బిల్డింగుల్లో ప్లంబింగ్ పని చేయిస్తున్నాను. చేపల సంగతి తెలియదు, నీళ్ళ సంగతి తెలుసు. ట్యాంకు అడుగు గాజు టెంపర్డ్ అయితే డ్రిల్ తగలగానే ముక్కలుముక్కలైపోతుంది. అది టెంపర్డో కాదో తెలియకుండా చెయ్యి పెట్టవద్దు.

అడుగుకు పావు ఇంచు వాలు ఉండాలి. 14 అడుగులకు మూడున్నర ఇంచులు, అంటే తొమ్మిది సెంటీమీటర్లు. నీకు అంత ఎత్తు దొరుకుతుందా? హాలు నేల, యుటిలిటీ నేల ఒకే మట్టమా? మధ్యలో గడప ఉందన్నావు, పైపు దాన్నెలా దాటుతుంది? గడప మీదుగా ఎక్కించి దించితే ఆ ముందు భాగంలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి కుళ్ళు వాసన వస్తుంది. టేపు పట్టుకుని ఈ మూడూ కొలిచి రాయి, ఆ తర్వాత పైపు మాట్లాడుకుందాం.

సైజు ఇంచు కాదు, ఇంచుంపావు వేసుకో. చెత్త కూడా వెళ్ళే లైన్ అది. మలుపుల్లో తొంభై డిగ్రీల ఎల్బో ఒకటి వేసే బదులు నలభై ఐదువి రెండు వెయ్యి. చివర్లో ఒక టీ పెట్టి మర బిరడా బిగిస్తే ఎప్పుడైనా విప్పి కడ్డీతో పొడవచ్చు. ఇత్తడి, జీఐ (జింకు పూత ఇనుము) ఫిట్టింగులు ఎక్కడా వద్దు, ఉప్పు తినేస్తుంది.

వైజాగ్_ఉప్పునీళ్ళు
సోమవారం, ఉదయం 6:20

మేస్త్రి గారు చెప్పినవన్నీ నిజం. ఇత్తడి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. అందులోని రాగి నీళ్ళలోకి దిగితే నీ రొయ్యలు బతకవు.

నేను పదకొండేళ్ళుగా ట్యాంకులు పెంచుతున్నాను. నువ్వు రాసిన ప్లాన్ దాదాపు నా మొదటి ట్యాంకుదే. అడుగున రంధ్రం, బాల్ వాల్వ్, అక్కడి నుంచి నేరుగా డ్రైనేజీలోకి అతికించిన పైపు. రెండేళ్ళు బాగానే నడిచింది. ఒకసారి నీళ్ళు మార్చాక వాల్వ్ సీటులో ఇసుక రేణువు ఇరుక్కుంది. పిడి పూర్తిగా తిరిగింది, మూసుకుందనే అనుకున్నాను. లోపల సన్నటి ధార పోతూనే ఉంది. నేల తడవలేదు, చప్పుడు లేదు, ఎందుకంటే పోయేది పోయేచోటికే పోతోంది. పైన ఆటో టాప్ అప్ (మట్టం తగ్గితే దానంతటదే మంచినీళ్ళు నింపే ఏర్పాటు) తన పని తాను చేసింది. పోయిన ఉప్పునీళ్ళ బదులు వంద లీటర్ల డ్రమ్ములోంచి మంచినీళ్ళు నింపుతూ పోయింది. ట్యాంకు మట్టం ఒక్క వేలు కూడా తగ్గలేదు. నాలుగో రోజు రొయ్యలు పక్కకు ఒరిగి పడి ఉంటే ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూశాను. 1.025 ఉండాల్సింది 1.018కి దిగింది. రొయ్యలన్నీ పోయాయి, ఒక నక్షత్ర చేప కూడా పోయింది.

కాబట్టి ట్యాంకును ముట్టుకోకు. సంప్‌లో, నీళ్ళను తిరిగి పైకి తోసే రిటర్న్ పంపు ఉండే గదికి రంధ్రం కొట్టించు. అది కూడా అడుగున కాదు, పక్క గాజుకు, ఇంత పైన అని లెక్క కట్టి. వాల్వ్ రాత్రంతా తెరిచి మరిచిపోయినా ఆ రంధ్రం మట్టం వరకే ఖాళీ కావాలి. ఆ తర్వాత పోవడానికి నీళ్ళే ఉండకూడదు. టాప్ అప్ నీళ్ళ డబ్బా కూడా ఇరవై లీటర్లు దాటనివ్వకు. డబ్బా పెద్దదైతే ప్రమాదం కూడా అంత పెద్దదవుతుంది.

క్లౌన్_కూకట్‌పల్లి
సోమవారం, రాత్రి 8:55

అమ్మకు ఎక్స్‌రే తీయించాను, ఏమీ లేదన్నారు. అడిగినందుకు థాంక్స్ అన్నా.

కొలతలు ఇవిగో. క్యాబినెట్ కారణంగా సంప్ అడుగు నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. యుటిలిటీ నేల హాలు కంటే 5 సెంటీమీటర్లు దిగువ. గడప దాటనక్కర్లేదు. హాలు గోడకు రంధ్రం వేస్తే కిచెన్ ప్లాట్‌ఫాం కిందికి వస్తుంది, అక్కడి నుంచి గోడవెంట వెళ్ళి యుటిలిటీ గోడకు ఇంకో రంధ్రం. రెండూ నాలుగున్నర ఇంచుల ఇటుక గోడలే, పిల్లర్ కాదు, బీమ్ కాదు. కరెంటు పైపులు ఎటు వెళ్ళాయో స్విచ్ బోర్డుల వరస చూసి గుర్తు పెట్టాను.

రిటర్న్ గది 40 x 40. అంటే సెంటీమీటరుకు 1.6 లీటర్లు. పంపు నడుస్తున్నప్పుడు మట్టం 22 దగ్గర ఉంటుంది. రంధ్రం 8 దగ్గర కొడితే 14 సెంటీమీటర్లు, అంటే 22 లీటర్లు. పంపు ఆపితే పై ట్యాంకు నుంచి మూడు సెంటీమీటర్లు దిగుతుంది. పైన సెంటీమీటరుకు 5.4 లీటర్లు కాబట్టి అది ఇంకో 16. మొత్తం 38. నాకు కావాల్సిందీ అంతే! రంధ్రం నేల నుంచి 18 ఎత్తులో ఉంటుంది. తొమ్మిది వాలుకు పోయినా, యుటిలిటీలో జాలీకి 14 సెంటీమీటర్ల పైన పైపు మూతి వస్తుంది. లెక్క సరిగ్గానే ఉందా?

డాలస్_కడలి
సోమవారం, రాత్రి 11:30

బ్రదర్, లెక్క బాగుంది. ఆ పద్నాలుగు సెంటీమీటర్లు అలాగే ఖాళీగా వదిలెయ్. వాషింగ్ మెషీన్ పైపుకు మాత్రం అతికించొద్దు, దయచేసి.

నేను ఇక్కడ టెక్సస్‌లో గ్యారేజీ పక్కన లాండ్రీ రూమ్‌లో సరిగ్గా ఆ పనే చేశాను. సంప్ ఎమర్జెన్సీ ఓవర్‌ఫ్లో పైపును వాషర్ నీళ్ళు పోయే నిలువు పైపులో దూర్చి, వాసన రాకుండా చుట్టూ టేపు గట్టిగా చుట్టాను. ఆ టేపే నా కొంప ముంచింది. బట్టల నూలు పేరుకుని కింద లైన్ సగం మూసుకుంది. వాషర్ పంపు బలంగా నీళ్ళు తోసింది. కిందికి దారి లేక, టేపు వల్ల బయటికీ దారి లేక, ఆ నీళ్ళు నా పైపులోంచి వెనక్కి ఎక్కి సంప్‌లో పడ్డాయి. డిటర్జెంట్ నీళ్ళు. నేను ఇంటికి వచ్చేసరికి స్కిమ్మర్ తెల్లటి నురగ కక్కుతోంది, క్యాబినెట్ తలుపు సందుల్లోంచి కూడా నురగ జారుతోంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ రాత్రంతా నీళ్ళు మారుస్తూనే ఉన్నాను, అయినా రెండు చేపలు దక్కలేదు.

ఇక్కడ ప్లంబింగ్ నిబంధనల్లో దీన్ని ఎయిర్ గ్యాప్ అంటారు. పైపు మూతికీ, కింద నీళ్ళు పొంగితే చేరగల గరిష్ఠ మట్టానికీ మధ్య, పైపు వ్యాసానికి కనీసం రెండింతల ఖాళీ ఉండాలి. ఇంచుంపావు పైపుకు రెండున్నర ఇంచులు, ఆరున్నర సెంటీమీటర్లు. నీకు రెట్టింపుకు పైనే ఉంది. ఆర్వో వేస్ట్ ట్యూబుకూ ఇదే రూల్.

వైజాగ్_ఉప్పునీళ్ళు
మంగళవారం, ఉదయం 6:05

డాలస్ తమ్ముడి మాటకు ఒకటి కలుపుతాను. మూతి గాల్లో ఉంటే ఇంకో మేలుంది, వాల్వ్ కారితే కనిపిస్తుంది. నా ట్యాంకులో ఆ నాలుగు రోజులూ ఒక్క చుక్క నా కంటబడి ఉంటే రొయ్యలు బతికేవి. నీళ్ళు మార్చిన గంట తర్వాత యుటిలిటీలోకి వెళ్ళి ఆ మూతి కింద వేలు పెట్టి చూడు. పొడిగా ఉండాలి.

బెజవాడ_రొయ్య
మంగళవారం, మధ్యాహ్నం 2:10

నమస్తే అండి. అందరూ పెద్ద పైపు గురించే మాట్లాడారు, స్కిమ్మర్ గురించి నేను చెబుతాను. స్కిమ్మర్ కప్పును డ్రెయిన్ లైన్లో కలపొద్దు. ఆ ప్లానంతటిలో నాకు బాగా భయం వేసింది ఆ ఒక్క మాటకే.

స్కిమ్మర్ ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. సంప్ మట్టం కొంచెం పెరిగినా, చేపలకు మందు వేసినా, నీళ్ళలోకి చేతి సబ్బు కాస్త చేరినా తడినురగ ధారలా వస్తుంది. కప్పు డ్రైనేజీకి కలిపి ఉంటే ఆ ధారంతా సంప్ నీళ్ళే పట్టుకెళ్తుంది, టాప్ అప్ మంచినీళ్ళు పోస్తుంది. వైజాగ్ అన్నయ్య గారికి వాల్వ్ వల్ల జరిగిందే మీకు స్కిమ్మర్ వల్ల జరుగుతుంది. పైగా మీరు 8 దగ్గర కట్టిన హద్దు స్కిమ్మర్‌కు వర్తించదు, అది సంప్‌లో వేరే గదిలో ఉంటుంది.

మా ఇంట్లో అయిదు లీటర్ల నూనె క్యాన్ వాడుతున్నాను. మూతకు రెండు రంధ్రాలు. ఒకదాంట్లోంచి కప్పు ట్యూబ్ లోపలికి, రెండోది గాలి బయటికి పోవడానికి. గాలి రంధ్రం లేకపోతే క్యాన్‌లోకి నీళ్ళు దిగవు. ఆ రంధ్రానికి చిన్న గొట్టం పెట్టి అందులో యాక్టివేటెడ్ కార్బన్ నింపాను, అందుకే వాసన హాల్లోకి రాదు. క్యాన్ లోపల ఒక ఫ్లోట్ స్విచ్, నిండితే స్కిమ్మర్ ఆగిపోతుంది. నాలుగు రోజులకోసారి టాయిలెట్‌లో పారబోస్తాను. ట్యూబ్ ఎక్కడా వంగి కిందికి వేలాడకుండా వాలుగా ఉండాలి. లేకపోతే ఆ నల్లటి జిడ్డు వంపులో గట్టిపడి దారి మూసేస్తుంది. నెలకోసారి వేడినీళ్ళతో కడగాలి.

తిరుపతి_కొత్త_ట్యాంక్
మంగళవారం, రాత్రి 9:00

నేను ఇంకా ట్యాంకు పెట్టలేదు, నేర్చుకుంటున్నాను. మాది సొంత ఇల్లు, సెప్టిక్ ట్యాంకు ఉంది, పెరట్లో ఇంకుడు గుంత ఉంది, కొబ్బరి చెట్లున్నాయి. కొబ్బరికి ఉప్పు మంచిదంటారు కదా, ఆ నీళ్ళు చెట్లకు పోయొచ్చా అన్నా?

వైజాగ్_ఉప్పునీళ్ళు
బుధవారం, ఉదయం 6:30

మంచి ప్రశ్న తమ్ముడూ. లీటరు సముద్రపు నీళ్ళలో దాదాపు 35 గ్రాముల ఉప్పు. వారానికి 40 లీటర్లంటే కిలో నాలుగు వందల గ్రాములు. ఏడాదికి 70 కిలోలు దాటుతుంది. బస్తాన్నర ఉప్పు పెరట్లో చల్లినట్టు లెక్క. కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకుంటుంది కానీ నీ నేల ఓర్చుకోదు. ఇంకుడు గుంతలోకి మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ నీళ్ళు దిగేది మీ బోరు, పక్కింటి బోరు ఊరే చోటికే. వాన నీళ్ళు భూమిలోకి ఇంకాలని తవ్వుకున్న గుంత అది.

సెప్టిక్ ట్యాంకుకు వెళ్ళే బాత్రూం లైన్లో పోయొచ్చు. ఒకేసారి దిమ్మరించకుండా, స్నానాలు, బట్టలు అయ్యే వేళ కొంచెం కొంచెం వదిలితే ఇంటి వాడుకనీళ్ళలో పలచబడిపోతుంది. వీధి వాన కాలువలోకి వద్దు.

సముద్రం పక్కన ఉండేవాళ్ళం మేము కూడా సముద్రంలో పోయం. నీళ్ళతోపాటు నాచు ముక్క వెళ్తే చాలు. కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు 1984లో మొనాకో దగ్గర సముద్రంలో కనిపించింది, తర్వాత మధ్యధరా తీరంలో చాలా దూరం పాకింది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పునీటి మడుగులో బయటపడితే, పైన టార్పాలిన్లు కప్పి లోపల క్లోరిన్ వదిలి చంపారు. పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 వచ్చింది. సంప్‌లో నాచు పెంచేవాళ్ళు వేస్ట్ నీళ్ళను సన్నటి గుడ్డలో వడకట్టి, మిగిలిన ముక్కల్ని ఎండబెట్టి చెత్తలో వేయండి.

క్లౌన్_కూకట్‌పల్లి
మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:45

పని అయింది. ఎలా అయిందో వివరంగా రాస్తాను, నాలాగే మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుంది.

సంప్ ఖాళీ చేసి గాజు షాపుకు తీసుకెళ్ళాను. పక్క గాజు టెంపర్డ్ కాదని వాళ్ళు చూసి చెప్పారు. అబ్బాయి గాజు మీద మట్టితో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు పోసి, డైమండ్ బిట్‌ను అసలు అదమకుండా నెమ్మదిగా తిప్పాడు. పది నిమిషాలు పట్టింది. చివరి రెండు మిల్లీమీటర్లు నేను ఊపిరి బిగబట్టే చూశాను. ఈలోపు ఇంట్లో పై ట్యాంకులో చిన్న పంపు, ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచాను, చేపలకు ఏమీ కాలేదు.

పైపులన్నీ ముందు సొల్యూషన్ లేకుండా దూర్చి, ప్రతి జాయింటు మీద మార్కర్‌తో అడ్డగీత గీశాను. అతికించేటప్పుడు ఆ గీతలు కలిస్తే చాలు, వంకర పోదు. వాల్వ్‌కు రెండు పక్కలా యూనియన్లు పెట్టాను, ఇసుక పడితే విప్పి కడగడానికి. ఒక రోజు ఆరనిచ్చి మంచినీళ్ళతో పరీక్ష చేశాను. ఎక్కడా చుక్క లేదు.

ఉప్పునీళ్ళు పెట్టిన మూడో రోజు ట్యాంక్ నిపుల్ (గాజు రంధ్రానికి బిగించే ఫిట్టింగు) కింద గాజు మీద వెంట్రుకంత సన్నటి తెల్లగీత కనిపించింది. వేలితో తాకితే గరుకుగా ఉంది, నాలుకకు ఉప్పగా ఉంది. తడి మాత్రం లేదు! చుక్క పడేలోపే ఆరిపోయి ఉప్పు మిగులుతోంది. మంచినీళ్ళైతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. విప్పి చూస్తే రబ్బరు వాషర్ నట్టు వైపు వేశాను. అది తల వైపు, గాజుకూ నిపుల్ అంచుకూ మధ్య ఉండాలి. పైగా స్పానర్‌తో బిగించడం వల్ల వాషర్ ఒక పక్కకు జరిగింది. సరైన వైపు వేసి, చేత్తో బిగించి, ఆ పైన పావు చుట్టు మాత్రమే తిప్పాను.

ఈరోజు మొదటి అసలు వాటర్ చేంజ్. టాప్ అప్ ఆపాను, రిటర్న్ పంపు ఆపాను, పై నీళ్ళు దిగేదాకా ఆగి వాల్వ్ తెరిచాను. ఏడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోయింది. జాలీ దగ్గర బకెట్ పెట్టి కొలిస్తే 37 లీటర్లు చిల్లర.

స్కిమ్మర్‌కు బెజవాడ అక్క చెప్పినట్టే క్యాన్ పెట్టాను. ఆర్వో వేస్ట్ దేంట్లోనూ కలపలేదు, డ్రమ్ములోకి వెళ్తోంది, అమ్మ ఇల్లు తుడవడానికి వాడుతోంది.

గుంటూరు_పైప్‌లైన్
ఆదివారం, రాత్రి 8:20

శభాష్ తమ్ముడూ. వాషర్ తప్పు మా కొత్త కుర్రాళ్ళు కూడా చేస్తారు.

నీళ్ళు మార్చిన ప్రతిసారీ చివర్లో నాలుగైదు మగ్గుల మంచినీళ్ళు వాల్వ్ మూసి, దానికి అవతల డ్రెయిన్ వైపు యూనియన్ విప్పి ఆ పైపులో పొయ్యి. పైపులో ఉప్పు గట్టిపడదు, జాలీ తుప్పు పట్టదు. కింద నహానీ ట్రాప్‌లో (జాలీ కింద నీళ్ళు నిలిచి వాసన ఆపే వంపులో) కూడా ఉప్పునీళ్ళ బదులు మంచినీళ్ళు నిలుస్తాయి. ఊరెళ్ళి వచ్చాక కూడా ఒక బకెట్ పొయ్యి. ట్రాప్‌లో నీళ్ళు ఎండిపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు ఇంట్లోకి వస్తాయి. క్యాబినెట్ కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందా? లేకపోతే ఈ వారమే పెట్టించు, నీళ్ళ పక్కన చేతులు పెట్టే పని.

క్లౌన్_కూకట్‌పల్లి
ఆదివారం, రాత్రి 9:05

లేదన్నా. రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాను. పైపులో మగ్గులు ఇప్పుడే పోసి వచ్చాను. వైజాగ్ అన్న చెప్పినట్టు మూతి కింద వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది.